రెండక్షరాల ఖరీదు

(పెనుకొండలో భవన నిర్మాణ పనివాళ్ల సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఇస్తున్నాం.)

అన్నలకు, అక్కలకు, హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి ఒకరోజు పని పోగొట్టుకొని వచ్చిన తమ్ముళ్లకు, అందరికీ జై భీమ్.

ఒకరోజు పని పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుకని ఎక్కువ సేపు పట్టుకోను. ఒకే ఒక మాట గురించి చెప్పడానికి వచ్చినాను. ఆ మాటకు రెండే అక్షరాలు. దాని ఖరీదెంతో లెక్క చెప్పి దిగిపోతాను. నేను లెక్కల అయ్యవారిని. లెక్క తప్పితే ఇక్కడే నిలబెట్టి అడగండి.

ముందు మీరు కూర్చున్న నేలను ఒకసారి చేత్తో తడమండి. నున్నగా ఉందా? యాడన్నా పొర లేచిందా? మా నాయన ఎవరింటికి పోయినా ముందు మనుషుల్ని చూడడు, నేలను చూస్తాడు. కాలి బొటనవేలితో అట్లా రాసి, 'దీన్ని తొందరపడి రుద్దినారు' అంటాడు. లేకుంటే 'దీనికి నీళ్లు తాపలేదు' అంటాడు. పెండ్లి చూపులకు పోయినా అదే. చిన్నప్పుడు నాకు సిగ్గయ్యేది. ఇప్పుడు నాకూ అదే రోగం పట్టుకుంది. నేను బడిలో అడుగు పెడితే ముందు నేలనే చూస్తా.

మా నాయనది కాంక్రీటు పని. స్లాబు పోసినాక, గచ్చు పోసినాక దాన్ని మట్టం చేసి, రుద్ది, నున్నగా తేల్చే పని. కంపెనీలోళ్లు దాన్ని ఫినిషింగ్ అంటారు, చేసేవాణ్ని ఫినిషర్ అంటారు. మన గేరిలో దానికి పేరు లేదు. 'కాంక్రీటుకు పోతాండాడు' అంటాం, అంతే. మిల్లరు దగ్గర ఇసుక ఎత్తేవాడూ కాంక్రీటే, బాండ్లి మోసే అక్కా కాంక్రీటే, రుద్దేవాడూ కాంక్రీటే. పేరు లేకపోవడంలోనే మోసమంతా ఉంది. దానికాడికే వస్తా.

మాది పెనుకొండ పక్క పల్లె. మాకు సెంటు భూమి లేదు. ఈ సీమలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర, అదీ నమ్మకం లేదు. శెనక్కాయ పంట పోతే భూమి ఉన్నోనికి అప్పు, భూమి లేనోనికి ఆకలి. ఊర్లో గింజ లేనప్పుడు మనకు మిగిలిన తోవ హిందూపురం స్టేషన్. అక్కడినుంచి బెంగళూరు నూరు కిలోమీటర్లు. మా నాయన ఆ రైలెక్కినప్పుడు నేను మూడో తరగతి. సంచిలో రెండు సంగటి ముద్దలు, ఒక దుప్పటి, ఒక లుంగీ.

మొదటి మూడేండ్లు బాండ్లి మోసినాడు. అక్కడొక తమిళ మేస్త్రి ఉండేవాడు, రుద్దే పనిలో దిట్ట. ఆయన ఎవరికీ నేర్పేవాడు కాదు. మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చితే మా నాయన ఆయన తాపీ తీసుకొని యాడన్నా మూలన రుద్ది చూసుకొని, మళ్లా కడిగి ఉన్నకాడ పెట్టేవాడు. ఒకరోజు ఆ మేస్త్రి చూసినాడు. తిట్టలేదు. 'ముందర వేలితో నొక్కి చూడు, ఆ తర్వాతే తాపీ పెట్టు' అన్నాడంట. మా నాయన చదివిన పాఠం అదొక్కటే.

ఆ పాఠంలో ఏముందో చెబుతా. చేసేవాళ్లకు తెలిసిందే. కానీ మీరు మీ నోటితో ఎప్పుడూ చెప్పుకొని ఉండరు.

కాంక్రీటు పోస్తారు, వైబ్రేటర్ పెడతారు, పట్టీతో లాగి మట్టం చేస్తారు. అప్పటికి కూలీల పని అయిపోయింది, వాళ్లు కాళ్లు కడుక్కుంటారు. రుద్దేవాని పని అప్పుడు మొదలైతుంది. మొదటి పని ఏమిటంటే ఊరికే కూర్చోవడం. కంకర కిందికి దిగుతుంది, నీళ్లు పైకి తేలుతాయి. ఆ నీళ్లు పైన నిలిచి ఉండగా రుద్దకూడదు. మేస్త్రి తొందర పెడతాడు, ఓనరు గడియారం చూస్తాడు. పొడి సిమెంటు చల్లి నీళ్లు పీల్చి రుద్దెయ్ అంటారు. అట్లా చేస్తే ఆ పూట అద్దం మాదిరి కనిపిస్తుంది, ఏడాది తిరక్కముందే పొర లేస్తుంది. నీళ్లు ఆరినాక కాలు పెట్టి చూడాలి. అడుగు పావంగుళం దిగితే పని మొదలు పెట్టొచ్చు. అంతకంటే దిగితే ఆగాలి. దిగకపోతే ఆలస్యమైపోయింది.

ముందు చెక్క పలకతో రుద్దాలి. మళ్లా ఆగాలి. తర్వాత ఇనుప తాపీ. మొదటిసారి తాపీ వాలు తక్కువ, చివరిసారి ఎక్కువ. ఎండాకాలం ధర్మవరంలో గాలి కొడితే గంటలో బిగుసుకుంటుంది. చలికాలం రాత్రి హిందూపురంలో నాలుగు గంటలైనా లొంగదు. ప్రభుత్వ ప్రమాణం ఏమంటుందంటే, సిమెంటు బిగుసుకోవడం అరగంటలోపల మొదలు కాకూడదు, పది గంటలకు మించి సాగకూడదు. అరగంటకూ పది గంటలకూ మధ్యలో ఏ నిమిషంలో చెయ్యి పెట్టాలో ఏ ఇంజనీరూ చెప్పడు. బొటనవేలు చెబుతుంది. ఏకలవ్యుని కథ విన్నప్పుడల్లా నాకు మా నాయన బొటనవేలే గుర్తుకొస్తుంది.

అయినాక మూడు పూటలా నీళ్లు తాపాలి. మామూలు సిమెంటైతే తక్కువలో తక్కువ ఏడు రోజులు. బూడిద కలిపిన పీపీసీ బస్తా అయితే పది రోజులు. స్లాబు మీద మట్టితో చిన్న చిన్న గట్లు పోసి, వరి మడి మాదిరి నీళ్లు నిలుపుతారు. మా అమ్మ ఆ పని చేసేది. ఊర్లో పొలాలకు మడి తడవని కరువులో, బెంగళూరులో మిద్దెల మీద మా అమ్మ మడులు కట్టి నీళ్లు పెట్టింది. ఇంకో మడి ఉంది, ముట్టుకుంటే మైలపడేది. అది కట్టుకున్నోళ్లు ఆ మిద్దెల కింద కాపురం ఉన్నారు.

ఇప్పుడు చెప్పండి. దీన్ని పనితనం అంటారా, ఊరికే ఒళ్లు వంచడం అంటారా?

అంతర్జాతీయ కార్మిక సంస్థ వాళ్ల వృత్తుల పట్టిక ఒకటుంది, 2008 నాటిది. ప్రపంచంలో ఉన్న పనులన్నిటికీ నంబర్లు ఇచ్చినారు. అందులో 7114 అనే నంబరు కాంక్రీటు పోసి ఫినిషింగ్ చేసేవాళ్లది. ఏడో విభాగం చేతిపని నేర్చినవాళ్లది. వడ్రంగి, కమ్మరి అందరూ ఏడులోనే ఉన్నారు. భవన నిర్మాణ కూలీల నంబరు 9313. తొమ్మిదో విభాగం ఏ పనీ ప్రత్యేకంగా నేర్వనవసరం లేనివాళ్లదని పెట్టినారు. మన కనీస వేతనాల పట్టికల్లో కూడా నేర్చినవాడు, సగం నేర్చినవాడు, నేర్వనివాడు అని తరగతులున్నాయి. ప్రపంచం పట్టికలో మా నాయన ఏడు. మన దగ్గర కాగితాల్లో తొమ్మిది. ఏడును తొమ్మిది చేసింది ఎవరు? ఓపిక పట్టండి, చెబుతా.

ఇంకొక సంగతి. మన దేశంలో రాయికి ఒక కులం, మట్టికి ఒక కులం, కట్టెకు ఒక కులం, తోలుకు మనం. ఏ పని ముట్టుకున్నా దానికి ముందే ఒక కులం కూర్చొని ఉంటుంది. కానీ సిమెంటు? మన దేశంలో 1904లో మద్రాసులో, 1914లో పోరుబందరులో సిమెంటు తయారుచేయడం మొదలుపెట్టినారు. నిన్న మొన్నటి సరుకు. మనువు సిమెంటు గురించి రాయలేదు! ఎవడు రుద్దాలో, ఎవడు రుద్దకూడదో ఏ శాస్త్రంలోనూ లేదు. అందుకే మనోళ్లు ఆ పనిలోకి దూరగలిగినారు. తాత తండ్రుల నాటి నుంచి వచ్చింది కాదు, మనం సంపాదించుకున్న విద్య.

అట్లని కులం ఊరికే ఉంటుందా? వెనక వాకిలి నుంచి వచ్చింది. మా పక్క ఊర్లో ఒక పెద్దాయన ఇల్లు కట్టినాడు. నేలంతా మా నాయనతో వేయించినాడు. నేల రుద్దేవాడు వెనక్కి జరుగుతా జరుగుతా పని చేస్తాడు, మీకు తెలుసు. లోపలి గోడ కాడ మొదలుపెట్టి చివరికి గడప కాడికి వచ్చి బయటికి దిగుతాడు. మా నాయన అట్లా దిగినాడు. గృహప్రవేశం నాడు అయ్యవారు మంత్రాలు చదవగా ఆవును తెచ్చి ఆ నేల మీద నడిపించినారు. మా నాయనకు వేపచెట్టు కింద విస్తరి వేసినారు. ఆవు తొక్కిన నేలను, ఆ నేల వేసిన మనిషి మళ్లా తొక్కలేదు. నాకప్పుడు పన్నెండేండ్లు. ఆ విస్తట్లో నేనూ తిన్నాను.

అమెరికాలో నల్లవాళ్లదీ ఇట్లాంటి కథే. కరెంటు పని సంఘాలు, పైపుల పని సంఘాలు చాలా ఏండ్లు వాళ్లను దగ్గరికి రానియ్యలేదు. ఇటుక, గార, సిమెంటు, ఈ తాపీ పనుల్లో మాత్రం వాళ్లు మొదటినుంచీ ఉన్నారు. నడుము విరిగే పని, ఒళ్లంతా అంటుకునే పని కాబట్టి తెల్లవాళ్లు ఎక్కువ పోటీకి రాలేదు. నల్లవాళ్లు ఆ తాపీనే పట్టుకొని, సంఘాల్లో చేరి, నేర్చినవాని కూలి అడిగి తీసుకున్నారు. మనకు మిగిలింది కూడా తాపీనే. కానీ మనం కూలి అడగడానికి ముందే పేరు వదిలేసినాం.

ఇప్పుడు నా తప్పు చెబుతా. ఇది చెప్పడానికే వచ్చినాను.

2009లో నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. మా గేరిలో మొదటి డిగ్రీ నాదే, మొదటి జీతం నాదే. భవన నిర్మాణ కార్మికులకు కార్డులిస్తారంట అని తెలిసి మా గేరిలో పదిమందికి ఫారాలు నేనే తెచ్చినాను. అరుగు మీద కూర్చొని నేనే నింపినాను. మా నాయన, మా చిన్నాయన పక్క పక్కన కూర్చున్నారు. మా చిన్నాయన కూడా మా నాయన దగ్గరే రుద్దే పని నేర్చినాడు. నిజం చెప్పాలంటే ఆయన చెయ్యి మా నాయన చెయ్యి కంటే నునుపు. ఫారంలో 'చేయు పని' అని ఒక గడి ఉంది. నేను ఏమీ అడగలేదు. పదిమందికీ వరసగా రెండక్షరాలు రాసినాను. 'కూలి.'

మా చిన్నాయన అడిగినాడు, 'ఏం రాసినావు నాయనా?' అని. కూలి అని చెప్పినాను. 'మేస్త్రి అని రాయకూడదా?' అన్నాడు నవ్వుతా. నేను, 'ఏదైతే ఏంలే చిన్నాయనా, కార్డు వస్తే చాలు గదా' అన్నాను. అందరూ వేలిముద్రలు వేసినారు. బీయిస్సీ బీయీడీ చదివినోణ్ని నేను. నా కంటికి వాళ్లు కూలోళ్ల మాదిరే కనిపించినారు. ఊరు నా కంట్లో కూడా ఆ మాట రాసి పెట్టింది.

2012లో బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు పని. మూడో అంతస్తు స్లాబు. రాత్రి పూట పోసినారు. లైటు ఒక్కటే, అదీ ముందు వైపు. రుద్దేవాడు వెనక్కి జరుగుతా పోతాడని చెప్పినాను గదా. ఇంట్లో అయితే వెనక గడప ఉంటుంది. అక్కడ వెనక ఏమీ లేదు. అంచుకు ఒక కట్టె కూడా అడ్డం కట్టలేదు. తాపీ చేతిలోనే ఉండగా మా చిన్నాయన వెనక్కి పడిపోయినాడు. ఆసుపత్రి చేరలేదు. ఆయనకు నలభై ఏండ్లు.

కాంట్రాక్టరు మొదట 'ఆయన మా మనిషే కాదు' అన్నాడు. మేస్త్రి పుస్తకం చూస్తే 'పెనుకొండ బ్యాచి, 8 మంది' అని ఉంది. పేర్లు లేవు. ఎనిమిది మందిలో ఒకడు తగ్గినాడు, అంతే లెక్క. మనోళ్లు శవాన్ని కదలనియ్యకుండా కూర్చుంటే అప్పుడు ఒప్పుకున్నాడు. తర్వాత నష్టపరిహారం కేసు వేసినాం. ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923 నాటిది. మనిషి చనిపోతే లెక్క ఇట్లా కడతారు. నెల కూలిలో సగం తీసుకొని, వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో గుణిస్తారు. నలభై ఏండ్లకు ఆ అంకె 184.17. అప్పట్లో నెల కూలి ఎంతున్నా 8,000 రూపాయల దాకానే లెక్కకు తీసుకునేవాళ్లు.

మా చిన్నాయనకు రోజుకు 450. నెలకు 26 రోజులు వేసుకున్నా 11,700. అంటే 8,000 నిండుగా రావాల్సిందే. దాంట్లో సగం 4,000. దాన్ని 184.17తో గుణిస్తే 7,36,680 రూపాయలు.

అవతలి వకీలు లేచినాడు. 'ఈయన ఫినిషర్ అని ఆధారం ఏది?' అన్నాడు. తోటి పనివాళ్లు సాక్ష్యానికి వెనకాడినారు, రేపు మేస్త్రి పనికి పిలవడని భయం. అప్పుడా వకీలు మా ఫైల్లోంచే ఒక కాగితం తీసినాడు. మా చిన్నాయన కార్డు. అది ఉంటే మేలు జరుగుతుందని నేనే పెట్టినాను. 'వీళ్ల కాగితమే చెబుతోంది, ఈయన కూలి' అన్నాడు. నేర్వని కూలీ కింద రోజుకు 200, నెలకు 25 రోజులు, 5,000 రూపాయలు లెక్క కట్టినారు. సగం 2,500. దాన్ని 184.17తో గుణిస్తే 4,60,425.

తీసివేత మీరే చేయండి. 2,76,255 రూపాయలు. నేను రాసిన రెండక్షరాల ఖరీదు అది.

మా చిన్నాయన కొడుకు ఆ ఏడు పదో తరగతి పాసయినాడు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదవాలని ఆశ ఉండేది. ఇంటి మీద అప్పుంది, ఆ వచ్చింది అప్పుకు పోయింది. వాడు తండ్రి తాపీ తీసుకున్నాడు. ఇప్పుడు ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పను. ఒకరోజు వాని ముందర కూర్చొని ఇదంతా చెప్పినాను. 'నీకు మాత్రం అప్పుడు తెల్సా అన్నా?' అన్నాడు. తెలీదు. చదువుకున్నోనికి తెలీకపోవడమే తప్పు.

అందుకే అడుగుతున్నా. ఏడును తొమ్మిది చేసింది ఎవరు? కాంట్రాక్టరు చేసినాడు, ఆఫీసు చేసింది, ఊరు చేసింది. అవన్నీ నిజమే. కానీ మా ఇంట్లో పెన్ను పట్టుకున్న చెయ్యి నాది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మీరు చూసినారు. బెంగళూరు నుంచి మనోళ్లు బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా నడిచినారు. నెత్తిన మూట, చంకన బిడ్డ. పోలీసు ఆపి 'ఏం పని చేస్తావు?' అంటే మనోళ్ల జవాబు ఒకటే. 'కూలి సార్.' ఆ నగరం అంతస్తులన్నీ రుద్ది నున్నగా చేసి ఇచ్చినోళ్లు, దారి మీద నిలబడి చెప్పుకున్న పేరు అది.

లేపాక్షి గుడి చూడండి. విరూపణ్ణ పేరు చిన్న పిల్లోనికి కూడా తెలుసు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు. ఆ స్తంభం ఎత్తి నిలిపినోళ్ల పేరు ఎవరికీ తెలీదు. ధర్మవరం చీరకు కనీసం ఊరి పేరన్నా ఉంది. ఎర్రమంచి దగ్గర 2017లో కారు ఫ్యాక్టరీకి ఒప్పందం అయి, 2019 నాటికి కార్లు బయటికొచ్చినాయి. దాని చుట్టూ షెడ్లు లేచినాయి. అంత పెద్ద షెడ్లలో నేలను రుద్దడానికి యంత్రం వచ్చింది, ఫ్యాన్ రెక్కల మాదిరి తిరుగుతుంది. కానీ యంత్రాన్ని ఎప్పుడు ఎక్కించాలో చెప్పేది మళ్లా కాలి అడుగే. మూలల్లో, స్తంభాల మొదట్లో రుద్దేది మళ్లా చెయ్యే. యంత్రం వచ్చిందని మన విద్య పోలేదు. కానీ పేరు లేని విద్యను ఎవడైనా చౌకగా కొంటాడు.

చట్టం మాటకొస్తా. భవన నిర్మాణ కార్మికుల చట్టం, సెస్ చట్టం రెండూ 1996లో వచ్చినాయి. కట్టడం ఖర్చులో కనీసం నూటికి ఒక రూపాయి సెస్ కింద తీసి కార్మికుల సంక్షేమానికి వాడాలి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తన తీర్పులో లెక్క చెప్పింది. దేశం మొత్తం మీద 37,400 కోట్లకు పైగా వసూలైతే, కార్మికుల కోసం ఖర్చు చేసింది సుమారు 9,500 కోట్లు. మిగతాది మన పేరు మీద ఉంది, మన చేతికి రాలేదు.

ఆ చట్టాలను, ఇంకా చాలా చట్టాలను 2019, 2020లో నాలుగు కోడ్‌లుగా చుట్టి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చినారు. 1923 నష్టపరిహార చట్టం కూడా అందులోనే కలిసింది. సొంత ఇల్లు పది లక్షలు దాటితే సెస్ కట్టాలని ఉన్నదాన్ని యాభై లక్షలకు పెంచినారు. మన పల్లెల్లో యాభై లక్షల ఇల్లు ఎన్ని ఉంటాయి? ఆ మేరకు మనకు రావాల్సింది పోయినట్టే. అది కొట్లాడాల్సిన సంగతి. కానీ కొన్ని కొత్త కోడ్‌లోనూ మిగిలినాయి. వయసు 18 నిండి 60 నిండనోళ్లు, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు కట్టడం పని చేసినోళ్లు నమోదు కావచ్చు. ఆ 90 రోజులకు రుజువు కావాలి. అక్కడే మనం దెబ్బ తింటున్నాం.

ఇంక మన లోపల సంగతి. కాంట్రాక్టరును తిట్టి చప్పట్లు కొట్టించుకొని పోవడం తేలిక. మనలోంచి మేస్త్రిలైనోళ్లు ఉన్నారు. బ్యాచి పుస్తకంలో పేర్లు రాయకుండా '8 మంది' అని రాసేది ఇప్పుడు మనోళ్లే. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసుకునేదీ మనోళ్లే. మాల గేరి బ్యాచి వేరు, మాదిగ గేరి బ్యాచి వేరు అని ఒకరి మీద ఒకరు రేటు తగ్గించి పని పట్టేదీ మనమే.

ఆడోళ్ల మాట ఎత్తితే ఇంకా సిగ్గు. మా అమ్మ ఇరవై ఏండ్లు నీళ్లు తాపింది. నీళ్లు తాపకపోతే నేల నిలవదని మా నాయనే చెబుతాడు. సగం బలం మా అమ్మ చేతిలో ఉంది, కూలి మాత్రం మగోని కంటే తక్కువ. సమాన పనికి సమాన కూలి అని 1976లోనే చట్టం వచ్చింది, ఇప్పుడు వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. అక్కలారా, మిమ్మల్ని ఎవరన్నా ఒక్కరోజు తాపీ పట్టుకోమన్నారా? ముగ్గు వేసే చెయ్యికి తాపీ వంగదా? తమిళ మేస్త్రి మా నాయనకు నేర్పలేదని చెప్పుకున్నాం. మా నాయన మా అమ్మకు నేర్పినాడా? లేదు. ఇది కూడా మన లెక్కలోకి రావాల.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినాడు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే సవరణ 1946లో వచ్చింది. ఆయన బొమ్మకు దండ వేస్తాం, మంచిదే. కానీ ఆయన చేతిలో పుస్తకం ఉంది, జేబులో పెన్ను ఉంది. ఆ రెండిటితోనే మనకు పని.

కాబట్టి ఈ రోజు ఐదు పనులు చెబుతాను. పెద్దవి కాదు.

ఒకటి. ప్రతి ఒక్కరూ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తారీఖు, ఏ ఊరు, ఎవరి కట్టడం, మేస్త్రి ఫోను నంబరు, ఏం పని, ఎంత కూలి. రోజూ ఒక్క గీత. 90 రోజుల రుజువుకు అది మొదటి మెట్టు.

రెండు. కూలి వీలైనంత మటుకు ఫోన్లో వేయించుకోండి. ఆ మెసేజీలు చెరపొద్దు. నోటి మాటకు సాక్షి రాకపోవచ్చు, బ్యాంకు లెక్క వస్తుంది.

మూడు. కార్డులో, ఈ-శ్రమ్‌లో, ఎక్కడ 'చేయు పని' అని అడిగినా 'కాంక్రీటు ఫినిషింగ్ పని' అని రాయించండి. కమ్మీ కట్టేవాడు కమ్మీ పని అని, సెంట్రింగ్ వాడు సెంట్రింగ్ అని రాయించండి. ముందే కూలి అని పడి ఉంటే మార్పించండి. బెంగళూరులో చేసేవాళ్లు కర్ణాటక బోర్డులో, ఇక్కడ చేసేవాళ్లు ఇక్కడి బోర్డులో అడగండి.

నాలుగు. తడి కాంక్రీటులో మోకాళ్ల మీద కూర్చోవద్దు. చొక్కా ప్యాంటు తడిసినప్పుడు నొప్పి తెలీదు, రాత్రికి తోలు ఊడి వస్తుంది. సిమెంటు సున్నం మాదిరే కాలుస్తుంది. కింద పలక వేసుకోండి. బూట్లు, గ్లౌజులు అడగండి. అంటుకుంటే వెంటనే మంచినీళ్లతో ఎక్కువ సేపు కడగండి. కిరోసిన్ పెట్టొద్దు.

ఐదు. అంచుకు అడ్డం కట్టకుండా, వెనక వైపు లైటు లేకుండా మిద్దె మీద తాపీ పట్టొద్దు. ఒక్కడు అంటే వెళ్లిపో అంటాడు. ఎనిమిది మందీ తాపీలు కింద పెడితే వాడే కట్టె తెచ్చి కడతాడు. ఎందుకంటే కాంక్రీటు ఎవరి కోసమూ ఆగదు. పోసినాక నాలుగు గంటలు ఓనరు ప్రాణం మన చేతిలో ఉంటుంది. మన బలం యాడుందంటే ఆ నాలుగు గంటల్లో ఉంది.

మా నాయనకు ఇప్పుడు అరవై దాటినాయి. నడుము వంగింది. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. పోయిన నెల మా తమ్ముని కార్డు మార్పించడానికి నేనే తోడు పోయినాను. మొదట 'ఏం తేడా సార్, ఏదో ఒకటి లేండి' అన్నారు. నేను కదల్లేదు. బస్సు పోయింది, ఇంకో బస్సుకు వస్తామని చెప్పినాను. సాయంత్రానికి మారింది. ఇంటికొచ్చి మా నాయనకు చదివి వినిపించినాను. ఆయన కార్డు చేతిలోకి తీసుకొని ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి రాసినాడు, నేలను రాసినట్టే. 'మీ చిన్నాయనది కూడా ఇట్లా ఉండాల్సింది' అన్నాడు. వేరే ఏమీ అనలేదు.

ఆ బల్ల మీద నోటుబుక్కులు పెట్టినాం. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. మొదటి పేజీలో మీ పేరు, కింద మీ పని రాయండి. రాయడం రానోళ్లు నా దగ్గరికి రండి, నేను రాసిస్తా. ఈసారి అడిగి రాస్తా.

జై భీమ్.